పగుళ్ళు పూడ్చే పొర

వాన పడిందంటే సాంబమూర్తి డబ్బా కారుతుంది. కారిందంటే సాంబమూర్తి దాని నెత్తికెక్కుతాడు. ఆయన ఎక్కాడంటే కింద నిచ్చెన పట్టుకుని తడవాల్సింది హైమవతి. ఆ రోజు కాకినాడలో బయల్దేరి తుని దాటారో లేదో, మళ్ళీ అదే తంతు. రోడ్డు పక్కన జీడిమామిడి తోట, నెత్తిన నల్లటి మబ్బు, డబ్బా మీద లుంగీ ఎగ్గట్టి బోర్లా పడుకున్న సాంబమూర్తి.

"హైమా! గమ్ము!"

"ఏ గమ్మండీ? తెల్లదా, నల్లదా?"

"నా మొహంలా ఉన్నది! నల్లది, నల్లది!"

డబ్బా అంటే కారు వెనక తగిలించి లాక్కుపోయే ఇల్లు. దాన్ని ట్రైలర్ అనాలని సాంబమూర్తి పట్టుదల. వీధిలో వాళ్ళందరూ డబ్బా అనే అన్నారు, హైమవతికీ ఆ మాటే అతికింది. అందులో రెండు మంచాలు, ఒక గ్యాసు పొయ్యి, ఒక సింకు, సబ్బు రాసుకుంటే మోచేతులు గోడలకు తగిలే స్నానాలగది. పాలిటెక్నిక్ కాలేజీలో వర్క్‌షాపు లెక్చరరుగా రిటైరైన సాంబమూర్తి, ఎవరో వదిలించుకుంటున్న దాన్ని కోరి తెచ్చుకున్నాడు. "దేశమంతా చూపిస్తానే నీకు" అన్నాడు. హైమవతి ఇప్పటిదాకా చూసిన దేశమంతా ఆ డబ్బా అడుగు భాగమే. చక్రాలకు గ్రీజు పెట్టేటప్పుడు టార్చి పట్టుకోవడం, పంపు విప్పేటప్పుడు మరలు కొంగులో పోసుకోవడం, ఫ్లోరు చెక్క చీకిపోతే దాన్ని ఊడబీకేటప్పుడు మీద కూర్చోవడం ఆవిడ పనులు. మెకానిక్కు చెయ్యి పడితే సాంబమూర్తి ఒప్పుకోడు. ఫోనులో వీడియో చూసి అన్నీ తనే చేసుకుంటాడు. విప్పడం మహా బాగా వచ్చు ఆయనకి. బిగించాక మాత్రం ఎప్పుడూ రెండు మరలు మిగిలిపోతాయి.

ఆ సాయంత్రం పరుపు తడిసింది, బియ్యం డబ్బాలోకి నీళ్ళు దిగాయి, సీలింగు చెక్క బూరెలా ఉబ్బింది. హైమవతి కొంగు పిండుకుంటూ మెల్లిగా అంది.

"ఫణి ఏదో పూత కనిపెట్టాడటండీ. ఎక్కడ పగిలినా దానంతటదే పూడుకుంటుందట."

పైన గమ్ము పూస్తున్న చప్పుడు ఆగింది. "నా డబ్బా కింద నిలబడి మీ తమ్ముడి పేరెత్తకు" అన్నాడు సాంబమూర్తి.

ఫణీంద్ర ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు. బావా బావమరిదీ మాట్లాడుకుని ఆరేళ్ళయింది. ఎందుకో చెబితే నవ్వుతారు, చెప్పకపోతే కథ నడవదు. ఫణి గృహప్రవేశంలో, పురోహితుడు మంత్రం చదువుతుంటే, సాంబమూర్తి శ్లాబు వంక చూసి, "వాలు తప్పు పోశారోయ్. రెండు వానలు పడితే హాల్లో చేపలు పెంచుకోవచ్చు" అన్నాడు, వచ్చిన జనమంతా వినేటట్టు. ఆ ఏడు వానలకి హాలు కారనే కారింది. ఫణి మేస్త్రీని తిట్టలేదు, శ్లాబుని తిట్టలేదు. బావ పాడు నోరు పడబట్టే కారిందన్నాడు. అప్పటినుంచి ఇద్దరూ ఎదురెదురుగా భోజనానికి కూర్చున్నా మాట మాత్రం హైమవతి మీదుగానే వెళ్ళాలి. "అక్కా, బావకి చెప్పు, చారు ఆయన పక్కనే ఉందని." "మీ తమ్ముడికి చెప్పు, నాకు కళ్ళున్నాయని." ఆవిడ నడిమధ్య పోస్టాఫీసు. ముద్ర గుద్దడం ఒక్కటే తక్కువ.

మర్నాడు మళ్ళీ వాన. ఈసారి నీళ్ళు సరిగ్గా సాంబమూర్తి దిండు మీద పడ్డాయి. ఆయన చాలాసేపు ఆ దిండు వంక చూశాడు.

"సరే, మీ తమ్ముడికి చెప్పు వస్తున్నామని. నేనడిగానని మాత్రం చెప్పకు."

*

భీమిలి దాటాక సముద్రం వైపున ఒక పాత ఐసు ఫ్యాక్టరీ ఉంది. దాని షెడ్డులో ఫణి ప్రయోగశాల. కంపెనీవాళ్ళు ఆ ప్రాజెక్టు మూసేసి, సామాను పట్టుకుపోయి, ఫణిని కూడా వదిలేశారు. ఎందుకు మూశారని హైమవతి అడిగితే, "వాళ్ళకి బుర్ర లేదక్కా" అన్నాడు. అంతకుమించి చెప్పలేదు.

సాంబమూర్తి లోపలికి రాలేదు. బయట డబ్బా టైర్లలో గాలి ఉందో లేదో కాలితో తన్ని చూస్తూ నిలబడ్డాడు.

ఫణి ఒక స్టీలు పళ్ళెం ముందుకు జరిపాడు. అందులో బూడిదరంగులో, పాల మీద మీగడలా ఏదో పరుచుకుని ఉంది. పక్కనే ఒక రేకు ముక్కని మేకుతో గీరి, చివర పచ్చగా ఉన్న చిన్న కర్రతో ఆ గీరు వెంట గీత గీశాడు. రేకుని తెచ్చి పళ్ళేనికి ఆనించాడు. మీగడ అంచు వణికింది. హైమవతి రెండడుగులు వెనక్కి వేసింది. అది కదిలి, రేకు మీదికి ఎక్కి, పచ్చ గీత వెంటే పాకి, గీరంతా పూడ్చి, అక్కడ ఆగిపోయింది. కాఫీ తాగి కప్పు కింద పెట్టేసరికి తాబేటి చిప్పలా గట్టిపడింది. ఫణి సుత్తితో కొట్టాడు. రేకు సొట్టపడింది గానీ పొర చెక్కుచెదరలేదు.

"బతికే ఉందా ఏమిట్రా ఇది?"

"బతికే ఉంది. గాలిలో తేమ తాగుతుంది, తుప్పు తింటుంది. ఈ గీత ఉన్న చోటికే వెళ్తుంది, గీత అయిపోతే ఆగుతుంది. పగుళ్ళు పూడ్చడం తప్ప దానికి వేరే పని తెలీదు. ఇదే మిగిలిందక్కా నాకు. ఎండలో, వానలో, కుదుపుల్లో ఏడాదిపాటు తట్టుకుందని చూపిస్తే, ఆ మూసేసినవాళ్ళే వచ్చి నా కాళ్ళు పట్టుకుంటారు."

హైమవతి ఆ కర్ర తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఒరే ఫణీ, ఇది పసుపు వాసన వేస్తోందిరా."

"పసుపేమిటక్కా నీ మొహం! అదో కెమికల్. చాలా పొడుగు పేరుంది దానికి, నీకు నోరు తిరగదు" అన్నాడు ఫణి. వాడి చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు బెల్లం దొంగతనంగా తిని తినలేదన్నప్పుడు కూడా వాడి చెవులు అలాగే ఎర్రబడేవి. హైమవతి చూసింది. చూసి కూడా, ఆరేళ్ళుగా ఆ ఇద్దరి మధ్యా నలిగిన ఒళ్ళు కదా, పోనీలే అనుకుంది. ఆ పోనీలే ఎంత పని చేసిందో ఆవిడకి తర్వాత తెలిసింది.

పొర వేయడం నాలుగు రోజుల పని. అది కూడా తనే వేస్తానని సాంబమూర్తి బ్రష్షు లాక్కున్నాడు. ఫణి షెడ్డు గుమ్మంలో నిలబడి, బావకి వినిపించేటట్టు అక్కతో చెప్పేవాడు.

"ఒక్క పూతే వేయమను అక్కా. ఎక్కువైతే దాని ఆకలి ఎక్కువవుతుంది."

"ఒక్క పూతేనటండీ" అంది హైమవతి, ఆయన ఆ మాట విన్నాడని తెలిసీ.

"మీ తమ్ముడికి చెప్పు, నేను ముప్ఫై ఏళ్ళు పిల్లలకి పెయింటింగు నేర్పానని."

ఒక్క పూత చాలన్న చోటల్లా ఆయన రెండు వేశాడు. తలుపు సందు అన్నిటికంటే ఎక్కువ కారుతుందని అక్కడ మూడు వేశాడు. తలుపు చట్రం, కింద గడప, గడప కింద మడతమెట్టు, ఏదీ వదల్లేదు.

*

నిజం చెప్పుకోవాలి, డబ్బా ఆ తర్వాత చుక్క కారలేదు. అరకు ఘాట్ రోడ్డులో ఆకాశం చిల్లుపడ్డట్టు కురిస్తే, లోపల సాంబమూర్తి బనీనుతో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకు తిన్నాడు. ఆయన సంబరానికి పట్టపగ్గాల్లేకుండా పోయాయి. కారడం ఆగింది కాబట్టి ఇక మెరుగులు దిద్దడం మొదలెట్టాడు. గోడకి మడిచే బల్ల బిగించాడు. సింకు కింద కొత్త పంపు పెట్టాడు. గిన్నెలు జారకుండా అరలకు కడ్డీలు కొట్టాడు. క్యాంపుల్లో ఎవరైనా ఆగి అబ్బురపడితే, "అంతా సొంత పనేనండి, బయటివాడి చెయ్యి పడలేదు" అనేవాడు. ఫణి పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు.

హైమవతికి మాత్రం లోపల పడుకుంటే ఒళ్ళు జలదరించేది. గోడకి చెయ్యి ఆనిస్తే వెచ్చగా ఉండేది, జ్వరం వచ్చిన పిల్లాడి వీపులా. పప్పు తిరగమోత పెడుతుంటే చిట్లి గోడ మీద పడింది ఒకరోజు. తెల్లారేసరికి ఆ మరకల మీద బూడిదరంగు బిళ్ళలు. కిటికీ సందులోంచి లోపలికి ఎలా వచ్చిందో వచ్చింది. ఇంకో రోజు పులుసు గరిటె గోడకి తగిలించి మర్చిపోతే, అది ఊడి రాలేదు. సాంబమూర్తి ఉలితో చెక్కితే గరిటె వచ్చింది, గోడ పేడు కూడా వచ్చింది.

"ఏమండీ, ఇది పసుపు కోసం వస్తోందండీ" అంది.

"పసుపా? నీ పిచ్చి గానీ, జిడ్డు కోసం వస్తోంది. గోడలు శుభ్రంగా తుడవమని ఎన్నిసార్లు చెప్పాను? ఆ సంగతేదో మీ తమ్ముణ్ణి అడుగు."

అడిగింది. ఫోనులో ఆ మాట వినగానే ఫణి గొంతు పైకి లేచింది. భయంతో కాదు, సంతోషంతో.

"లోపలికి వచ్చిందా! ఎంత మందం వచ్చిందక్కా? కొలిచి చెప్పవూ?"

"నేను అడిగేది అది కాదురా. పసుపు పెట్టిన చోటికే వెళ్తోందేం?"

"నూనె అయ్యుంటుంది" అన్నాడు. "బావకి చెప్పు, డబ్బా ఒకసారి తీసుకురమ్మను. చూస్తాను."

ఒకడు జిడ్డు అన్నాడు, ఒకడు నూనె అన్నాడు. ఇద్దరూ ఒక్క మాట మీదికి వచ్చారు కదా అని హైమవతి, తన ముక్కు మీద తనకే నమ్మకం పోగొట్టుకుంది. తుడిచింది, తుడిచింది, మోకాళ్ళ మీద కూర్చుని డబ్బా అంతా తుడిచింది. మడమలు అసలే పగిలి ఉన్నాయి, ఆ తడిలో ఇంకా చీలాయి.

*

శ్రావణమాసం మొదటి శుక్రవారం డబ్బా మళ్ళీ ఐసు ఫ్యాక్టరీ ఆవరణలో ఉంది. పొద్దున్నే సాంబమూర్తి కారుకీ డబ్బాకీ మధ్యనున్న కొక్కెం విప్పి గ్రీజు పెడుతున్నాడు. ఫణి షెడ్డులో ఏదో తూస్తున్నాడు. ఇద్దరి మధ్యా ఇరవై గజాలు, ఆరేళ్ళు.

హైమవతి తలంటుకుంది. ఇంట్లో ఉన్నా, రోడ్డు మీద ఉన్నా శ్రావణ శుక్రవారం గడపకి పసుపు రాయకుండా ఆవిడ ఏ ఏడూ ఉండలేదు. "డబ్బాకి గడపేమిటే!" అని మొగుడు ఎన్నిసార్లు వెక్కిరించినా, ఆవిడ ఆ ఇనప పట్టీకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టింది. ఇద్దరు చదువుకున్నవాళ్ళు కాదన్నారు కదా, ఇక భయమెందుకు? మిగిలిన పసుపు పాదాలకి రాసుకుంది. పగిలిన మడమలకి కాస్త దట్టంగానే మెత్తింది, మంట తగ్గుతుందని. గడప మీద కూర్చుని, కాళ్ళు మడతమెట్టు మీద పెట్టి, పసుపు ఆరేదాకా ఆకూవక్కా వేసుకుందామని తమలపాకుల సంచి ఒళ్ళో పెట్టుకుంది.

మొదట వెచ్చగా అనిపించింది. ఎండ అనుకుంది. తర్వాత మడమల్లో చక్కిలిగింత. ఆకుకి ఈనె తీస్తూ కిందికి చూస్తే, మెట్టుకి రెండు పక్కలనుంచీ బూడిదరంగు మీగడ పాకి వచ్చి, పాదాల మీదికి ఎక్కుతోంది. లేవబోయింది. కాళ్ళు రాలేదు.

"ఏమండీ!"

ఆ అరుపుకి షెడ్డులోంచి ఫణి కూడా పరుగెత్తుకొచ్చాడు. మెట్టునీ, గడపనీ, పచ్చటి పాదాలనీ చూశాడు. వాడి మొహాన కత్తివాటుకి నెత్తుటిచుక్క లేదు.

"పసుపు రాశావా? అక్కా, పసుపు రాశావా?"

"పసుపు కాదన్నావు కదరా!"

సాంబమూర్తి గ్రీజు చేతుల్తోనే ఆవిడ చంకలకింద పట్టుకుని పైకి లాగాడు. హైమవతి పెట్టిన కేకకి గోడ మీది కాకులు లేచిపోయాయి. మడమల పగుళ్ళలోకి దిగిపోయింది పొర. పగుళ్ళు పూడ్చడం దాని పని. రేకుకున్నాయా, మనిషికున్నాయా అని అది చూడదు.

సాంబమూర్తి తిరిగి బావమరిది ఎదురుగా నిలబడ్డాడు. ఆరేళ్ళ తర్వాత మొదటిసారి, మధ్యవర్తి లేకుండా, నోరు విప్పాడు.

"ఏవోయ్! ఆ కర్రలో ఉన్నది పసుపా?"

"పసుపే!"

"మరి చెప్పవేం?"

"చెబితే? 'మా బావమరిది పోపుల డబ్బాతో సైన్సు చేస్తున్నాడు' అని కాకినాడంతా చెప్పుకుని నవ్వవూ?"

"నవ్వుతాను! ఎందుకు నవ్వను? సిగ్గులేదూ నీకు!"

"ఒక్క పూత వేయమంటే మూడు వేసింది ఎవరు? అంత మందం లేకపోతే ఇంత జోరుగా వచ్చేదా?"

"నువ్వా నాకు పూతలు నేర్పేది? శ్లాబు వాలు తెలీనివాడివి!"

"చూశావా, చూశావా, మళ్ళీ శ్లాబు!"

హైమవతి ఆ ఇద్దరి కింద కూర్చుని ఉంది. పొర చీలమండల దాకా వచ్చింది. అడుగున గట్టిపడుతున్నచోట పాదాన్ని ఎవరో పట్టకారుతో నొక్కుతున్నట్టు ఉంది. "నా కాళ్ళురా" అంది. ఎవరూ వినలేదు.

"రంపం పట్రా" అన్నాడు సాంబమూర్తి. అని ఆగాడు. "మెట్టు కోస్తే చట్రం కూడా పోతుంది. తలుపంతా ఊడదీయాలి. కింద మరలు విప్పి చూస్తే..."

"కోయకు బావా! అక్కడే దాని వేళ్ళన్నీ ఉన్నాయి. అంచులనుంచి మెల్లిగా తడిపి తీద్దాం, సాయంత్రానికి వచ్చేస్తుంది."

"సాయంత్రానికా?" అంది హైమవతి.

"ఇదివరకు ఎవరికైనా అయిందా ఇలా?" సాంబమూర్తి అడిగాడు. ఫణి చెవులు ఎర్రబడలేదు, తెల్లబడ్డాయి.

"ల్యాబులో ఒకమ్మాయికి. పెళ్ళికూతుర్ని చేసిన మర్నాడే డ్యూటీకి వచ్చింది, చేతులనిండా పసుపు. కంపెనీ మూసింది అందుకే. కానీ ఆ పిల్లకి వెంటనే తీసేశాం."

"ఎలా తీశారు?"

ఫణి వంగి మెట్టు అంచు గోటితో గోకసాగాడు.

"ఎలా తీశార్రా?" హైమవతి అడిగింది.

"సున్నంతో" అన్నాడు వాడు నేల చూపులు చూస్తూ. "సున్నం తగిలితే పసుపు ఎర్రబడి దారి తెలీదు దానికి, వదిలేస్తుంది. కానీ అక్కా, ఒక్కచోట తగిలినా ఆ విషం మొత్తానికి అల్లుకుంటుంది. అంతా చస్తుంది. నా దగ్గర ఇంకో ముక్క లేదు, ఉన్నదంతా డబ్బాకే పూశాం. నా తొమ్మిదేళ్ళ పని అది. కాస్త ఓర్చుకో, నేను తడిపి..."

"అంతా చస్తే నా డబ్బా?" అన్నాడు సాంబమూర్తి.

ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చాక ఆయనకే వినబడినట్టుంది, నాలిక కరుచుకున్నాడు. అయితే ఏం లాభం? హైమవతి విన్నది. ఒకడి వంకా ఇంకొకడి వంకా చూసింది. ఆవిడ జన్మలో ఎవరినీ అంత అసహ్యంగా చూసి ఎరగదు. ఒళ్ళోని సంచిలోంచి సున్నం ట్యూబు తీసింది. మూత పళ్ళతో పీకి, అంతా పక్కనున్న తాగే నీళ్ళ చెంబులోకి పిండింది.

"అక్కా, వద్దు!" ఫణి చెంబు మీద చెయ్యి వేశాడు. తోడబుట్టినవాడు, ఆవిడ ఎత్తుకు పెంచినవాడు, చెంబు లాక్కోబోయాడు. హైమవతి వాడి చేతిని కసుక్కున కొరికింది. వాడు కెవ్వుమని వదిలాడు. ఆవిడ చెంబు పాదాల మీద కుమ్మరించింది.

పసుపు ఎర్రబడింది. నెత్తురో, సున్నమో తెలియకుండా మెట్టంతా ఎర్రటి నీళ్ళు. పొర బిగుసుకుని, ముడుచుకుని, చిరిగిన కాగితంలా వదిలింది, వదులుతూ ఎడమకాలి చివరి రెండు వేళ్ళ తోలు కూడా పట్టుకుపోయింది. ఆ చావు మెట్టు మీదనుంచి గడపకి, గడపనుంచి చట్రానికి, చట్రం మీదుగా కప్పుకి పాకింది. డబ్బా మీద పూతంతా పెచ్చులు పెచ్చులుగా రాలడం మొదలైంది. మగవాళ్ళిద్దరూ తలలెత్తి అది చూస్తూ నిలబడ్డారు. హైమవతి అరచేతుల మీద పాక్కుంటూ నేల మీదికి దిగింది.

*

విశాఖ ఆసుపత్రిలో ఆ రెండు వేళ్ళూ తీసేయాల్సి వచ్చింది. కుడి పాదం బాగుపడింది. ఎడమ మడమ చూసి డాక్టరమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. లోతు పగుళ్ళలోకి దిగిన పొర, నెత్తురు అందినందుకో ఏమో, అక్కడ చావలేదు. చీలిన మాంసాన్ని పూడ్చి, కొత్త తోలులా అతుక్కుని, బూడిదరంగులో నున్నగా, వెచ్చగా ఉంది. "దీన్ని కదిపితే మీరు మడమ ఆనించలేరమ్మా. ఇదే మిమ్మల్ని నడిపిస్తోంది" అంది ఆవిడ. హైమవతి గోడ పట్టుకుని నాలుగడుగులు వేసి చూసింది. నొప్పి లేదు. అసహ్యంగా ఉంది, కానీ నొప్పి లేదు.

ఆ వారంలో ఆవిడ చూసిన వింత ఇంకొకటి. బావా బావమరిదీ ఒక్కటైపోయారు. ఒకే స్కూటరు మీద వచ్చేవారు. వరండాలో టీ తాగుతూ గంటలు గంటలు మాట్లాడుకునేవారు. పసుపుకి బదులు ఏది వాడాలో, ఎన్ని పూతలు వేయాలో, చట్రం ఏ లోహంతో చేస్తే మంచిదో.

"నువ్వు మూడు పూతలు వేశావు కాబట్టే కదా బావా, మందం సంగతి తెలిసింది!"

"చెప్పానా? ముప్ఫై ఏళ్ళ అనుభవం ఊరికే పోతుందా!"

ఆరేళ్ళపాటు వాళ్ళ మాటలు మోసి ఆవిడ సాధించలేని సఖ్యత, ఆవిడ రెండు వేళ్ళు పోతే కుదిరింది. గది లోపలికి వచ్చేసరికి మాత్రం ఇద్దరి నోళ్ళూ పడిపోయేవి. ఫణి చేతి మీద పళ్ళ గాట్లకి కట్టుంది. సాంబమూర్తి యాపిలు ముక్కలు కోసి ఇచ్చి, కిటికీలోంచి బయటికి చూసేవాడు. సున్నం పోసి అంతా నాశనం చేసిందని పైకి ఒక్కరూ అనలేదు గానీ, వాళ్ళ మొహాలు ఆ మాటే అంటున్నాయి.

మడమ సంగతి డాక్టరమ్మ నోట వాళ్ళ చెవిన పడింది. ఆ మధ్యాహ్నం ఇద్దరూ కలిసి లోపలికి వచ్చారు. మొహాలు వెలిగిపోతున్నాయి. ఫణి జేబులోంచి ఒక గాజుసీసా, సన్నటి కత్తి తీసి మంచం పక్క బల్ల మీద పెట్టాడు. తడిగుడ్డలో చుట్టిన కత్తి.

"అక్కా, ఒక్క గోరంత. అంతే. మళ్ళీ పెంచుకోవచ్చు. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు ఇప్పుడు, నీ దగ్గర తప్ప."

"మత్తు ఇప్పిస్తాడులే, నొప్పి ఉండదు" అన్నాడు సాంబమూర్తి. "ఆ తర్వాత కాస్త కుంటు వచ్చినా, డబ్బాకి ఈసారి మెట్లు తీసేసి వాలుబల్ల పెడతాను నీకోసం. ఎక్కడానికి సుఖంగా ఉంటుంది."

హైమవతి దుప్పటి తీసింది. ఎడమకాలు ముందుకు చాపింది. ఫణి ఆత్రంగా కిందికి వంగాడు.

"చూడు. బాగా చూడు" అంది ఆవిడ. "ఇక చూడ్డానికి దొరకదు. ఆ రోజు నేను కాళ్ళు కాళ్ళని మొత్తుకుంటే నీకు పొర కనిపించింది, ఈయనకి డబ్బా కనిపించింది. ఇప్పుడు నా కాలు కనిపిస్తోందా ఇద్దరికీ? ఇది నా ఒంట్లో పెరిగింది. నా నెత్తురు తాగి బతుకుతోంది. నన్ను నడిపిస్తోంది. గోరంత కాదురా, దుమ్మంత కూడా ఇవ్వను. ఆ కత్తి ఇంకోసారి నా దగ్గరికి తెచ్చావంటే, మొన్న చెయ్యి కొరికాను, ఈసారి గొంతు కొరుకుతాను."

ఆవిడ మంచం దిగింది. గోడ పట్టుకోలేదు. సంచిలో రెండు చీరలూ మందులూ వేసుకుంది. డిశ్చార్జి కాగితం మీద సంతకం పొద్దున్నే పెట్టేసింది, సాలూరులో ఉన్న పిన్నికి ఫోను కూడా చేసేసింది. మొగుణ్ణీ తమ్ముణ్ణీ దాటుకుని వరండాలోకి నడిచింది. మూడు వేళ్ళ పాదం చెప్పులో సరిగ్గా కుదరక కాస్త ఈడుస్తోంది. మడమ మాత్రం గట్టిగా ఆనుతోంది.

వెనక గదిలో గుసగుసలు మొదలయ్యాయి.

"పిలువవోయ్, మీ అక్కే కదా!"

"నువ్వు పిలువు బావా. నీ పెళ్ళాం."

"నేను పిలిస్తే వినదు. నువ్వు చెప్పు."

"ఏమని చెప్పను?"

హైమవతి మెట్లు ఒక్కొక్కటే దిగింది. గేటు బయట ఆటో ఎక్కి, బస్టాండుకి పొమ్మంది. ఆటో కదిలేదాకా వెనక్కి తిరిగి చూసింది కూడా. ఇద్దరూ కిటికీలో ఒకరి భుజం ఒకరు పొడుచుకుంటూ నిలబడి ఉన్నారు. ఆవిణ్ణి పేరు పెట్టి పిలవడానికి ఇద్దరిలో ఒక్కడికీ నోరు రాలేదు.